ప్రాచీనాయుధ సంగ్రాహకుడు: మూడవ సాలార్‌జంగు

ఉక్కు కరగించి రైలుపట్టాలు సాగదీయు ఊరిలో కాపురముండువారమగుటచే, ఇనుముతో పనిచేసిన పూర్వుల కథలు మనకు తక్కినవారికన్న ఒకింత దగ్గరగా తోచును. భిలాయిలో మొదటి ఊదుకొలిమిని 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. అంతకు కొన్ని శతాబ్దములకు పూర్వమే తెలంగాణమున, నిర్మల ప్రాంతమునకు చేరువనున్న కోనసముద్రమను పల్లెలో మట్టిమూసలలో ఉక్కు వండెడివారు. ఆ ఉక్కుముద్దల కొరకు పారశీక వర్తకులు అంత దూరము నుండి వచ్చి, కొలిములున్న పల్లెలోనే మకాము చేసి, సరకును పరీక్షించి కొనిపోయెడివారు. డమాస్కసు కత్తులని లోకమంతట పేరుపొందిన వాటి పదును వెనుక ఈ దక్షిణాది ఉక్కు కలదు. ఆంగ్లేయులు దానిని వూట్జు అనిరి. ఆ మాట మన ఉక్కు శబ్దము నుండియే పుట్టెనని పలువురు పండితుల అభిప్రాయము.

సెక్టర్ 7లోని మన తెలుగు పిల్లలు సెలవులలో హైదరాబాదు వెళ్లి వచ్చినపుడు సాలార్‌జంగు ప్రదర్శనశాలలో ఏమి చూచితిరని అడిగినచో, గంటగంటకు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టు గడియారమనియు, మేలిముసుగు రెబెక్కా విగ్రహమనియు చెప్పుదురు. ఆయుధముల గదిని గూర్చి చెప్పువారు అరుదు. ఆ గదిని నింపిన మనుజుని గూర్చి చెప్పువారు మరియు అరుదు. ప్రదర్శనశాల పేరు అందరి నోటను ఉండి, ఆ పేరుగల వ్యక్తి ఎవ్వరికిని గుర్తులేకపోవుట విచిత్రమే. ఈ వ్యాసము ఆయనను గూర్చినది.

నవాబు మీర్ యూసుఫ్ అలీఖాను 1889 జూన్ 13వ తేదీన పూనాలో జన్మించిరి. తండ్రి మీర్ లాయిక్ అలీఖాను, అనగా రెండవ సాలార్‌జంగు, అంతకు రెండేండ్ల ముందే హైదరాబాదు దివాను పదవిని కోల్పోయిన యువకుడు. కుమారుడు పుట్టి నెల తిరుగకముందే ఆ తండ్రి కన్నుమూసెను. పొత్తిళ్లలోని శిశువునకు ఒక గొప్ప బిరుదును, ఆరు తాలూకాల జాగీరును, పెద్ద దేవిడీయు వారసత్వముగా లభించినవి. వాటిని అనుభవించు నేర్పును చూపవలసిన తండ్రి మాత్రము లభింపలేదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆ కుటుంబమును తన ఆదరణలో ఉంచుకొనెను. జాగీరు వ్యవహారములను బాలుడు ఈడేరువరకు ప్రభుత్వమే చూచుకొనెను. చదువు నిజాము కళాశాలలో సాగెను.

ఆ వంశమునకును ఆయుధములకును గల సంబంధము ఈ బాలునితో మొదలైనది కాదు. ముత్తాతల వరుసలోని మీర్ ఆలం 1799లో నిజాము సైన్యమును వెంటబెట్టుకొని శ్రీరంగపట్టణపు ముట్టడికి వెళ్లినవాడు. టిపూ సుల్తాను పతనమును కన్నులార చూచినవాడు. అటుపిమ్మట ఆయనయు, ఆయన అల్లుడు మునీరుల్ముల్కును, వారి తరువాత సిరాజుల్ముల్కును దివానులైరి. 1853లో ఇరువది నాలుగేండ్ల ప్రాయమున మీర్ తురాబ్ అలీఖాను ఆ పదవినెక్కి ముప్పదియేండ్లు రాజ్యభారము వహించెను. మొదటి సాలార్‌జంగు అనగా ఆయనయే. 1857 జూలై 17న తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున జనులు బ్రిటిషు రెసిడెన్సీపై విరుచుకొనిపడినపుడు ఈ దివాను ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. దానిని మెచ్చినవారును కలరు, క్షమింపనివారును కలరు. 1859లో ఒకమారు, 1868లో మరియొకమారు ఆయనపై తుపాకులు ప్రేలినవి. రెండుమారులును గుండు గురి తప్పెను. తుపాకి గొట్టము ముందు నిలిచి బ్రదికి బయటపడిన వ్యక్తికి మనుమడైన బాలుడు తుపాకిని చూచు చూపు, వేటకొరకు దానిని పట్టు జమీందారు చూపువంటిది కాజాలదని నా ఊహ. ఇది ఊహయే కాని చరిత్ర కాదు.

తాతగారు కళావస్తువులను గూడ కొనినవారే. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన రెబెక్కాను 1876లో రోము నగరమున కొని తెచ్చినది ఆయనయే. కనుక మనుమడు శూన్యము నుండి ప్రారంభింపలేదు. ఇంటిలో విత్తు ముందే కలదు.

1911లో ఆరవ నిజాము గతించి మీర్ ఉస్మాన్ అలీఖాను సింహాసనమెక్కెను. మరుసటి సంవత్సరమున మహారాజా కిషన్ ప్రసాదు దివాను పదవి నుండి తొలగిరి. ఆ స్థానమున యూసుఫ్ అలీఖాను నియమితులైరి. అప్పటికి వారి వయస్సు ఇరువది మూడేండ్లు. తాత ఏ ప్రాయమున ఆ పీఠమెక్కెనో ఇంచుమించు అదే ప్రాయము. నగరమునకు ఇది గొప్ప శకునమువలె తోచియుండును. కాని కాలము మారినది. ముప్పదియేండ్లు తాత తన యిష్టానుసారము రాజ్యము నడిపెను. ఈ కొత్త నిజామునకు అధికారమును మరియొకరి చేతిలో చూచుట రుచింపలేదు. 1914 నవంబరులో సాలార్‌జంగుగారు పదవి విడిచిరి. అటుపిమ్మట 1919 వరకు నిజాము తానే స్వయముగా పరిపాలన సాగించెను. ఇద్దరి నడుమ ఏమి జరిగినది, ఏ కాగితముపై ఎవరు సంతకము చేయ నిరాకరించిరి అను విషయములపై నేను కథలల్లబోను. సచివాలయములలో పనిచేయువారికి ఇంతమాత్రము తెలియును: పై అధికారికిని తనకును పొసగనపుడు, ఫైలులో వ్రాయబడు కారణము ఒకటియు, మనస్సులోని కారణము వేరొకటియు నుండును.

ఇరువది యైదేండ్ల వయస్సున ఉద్యోగము ముగిసిన మనుజుడు ఏమి చేయవలయును? ధనము కలదు, పని లేదు. భార్యాబిడ్డలు లేరు. వారు జీవితాంతము అవివాహితులుగనే యుండిరి. హైదరాబాదులో అట్టి స్థితిలోనున్న నవాబులు పెక్కుమంది గుర్రములతోను, విందులతోను, అప్పులతోను కాలము వెళ్లబుచ్చిరి. సాలార్‌జంగుగారు వస్తువులను సేకరింప మొదలిడిరి. అటుపై ముప్పదియైదేండ్లు మరియొక పని పెట్టుకొనలేదు.

దివాను దేవిడీకి దేశదేశముల వర్తకులు వచ్చెడివారు. విదేశములలో ఏజెంట్లు ఉండెడివారు. తామును ఐరోపాలో పర్యటించి కొనిరి. మొదటి ప్రపంచయుద్ధము ఐరోపాలోని ఎన్నో ప్రభుకుటుంబములను చితికించెను. వారి ఇండ్లలోని వస్తువులు అంగళ్లకు వచ్చినవి. ఇక్కడ మొగలు వైభవము చెదరి, నవాబుల సంపద వేలములకెక్కుచుండెను. కొనుటకు ఇంతకన్న అనువైన కాలము వేరొకటి లేదు. చేవ్రాత గ్రంథములు, పచ్చరాతి పాత్రలు, పింగాణి, తివాచీలు, గడియారములు, చిన్నపిల్లల ఆటబొమ్మలు, లోపల కత్తి దాగిన చేతికర్రలు, ఇవియన్నియు ఒకే వెల్లువలో దేవిడీ చేరినవి. టిపూ సుల్తానువని చెప్పబడు దంతపు కుర్చీలు వచ్చినవి. జహంగీరు బాకు, నూర్జహాను పండ్లుకోయు చాకు వచ్చినవి. ఈ వెల్లువలో ఒక పాయ ఆయుధములది: ఖడ్గములు, కటారులు, గండ్రగొడ్డండ్లు, గదలు, డాళ్లు, ఇనుప వలయములతో అల్లిన కవచములు, శిరస్త్రాణములు, తుపాకులు, పిస్తోళ్లు. ఔరంగజేబు, టిపూ సుల్తాను, తానీషా వంటివారి పేర్లతో ముడిపడిన ఆయుధములును అందు కలవు.

పాత తుపాకులను ప్రేమించుట అనగానే మనలో కొందరికి వింతగా తోచును. కాల్చుటకు పనికిరాని తుపాకి చంపుటకును పనికిరాదు, కావున దేనికిని పనికిరాదని వారి వాదము. కాని ఒకసారి దానిని దగ్గరగా చూడవలయును. తుపాకి అను మాటయే తురుష్కభాష నుండి పారశీకము మీదుగా మనకు వచ్చినది. మొదట వచ్చినది జామగి తుపాకి. జామగి యనగా మెల్లగా రగులుచుండు నిప్పుత్రాడు. మీట నొక్కగానే ఆ త్రాటిని పట్టిన ఇనుప కొక్కెము క్రిందికి వంగి, రంజకపు గిన్నెలోని మందును అంటించును. ఆ మంట చిన్న రంధ్రము గుండ గొట్టములోనికి దూకును. వానలో త్రాడు ఆరిపోవును. రాత్రివేళ దాని ఎర్రని మొన శత్రువునకు గుర్తు చెప్పును. ఇన్ని కష్టములున్నను ఐరోపాలో అది మూలబడిన తరువాత మనదేశమున చాలకాలము నిలిచెను. కారణము దారిద్ర్యము మాత్రమే కాదు. పల్లెటూరి కమ్మరి దానిని బాగుచేయగలడు. చెకుముకి తుపాకికి మంచి చెకుముకి రాయి కావలయును, బలమైన స్ప్రింగు కావలయును. ఆ తరువాత వచ్చిన టోపీ తుపాకికి రసాయనపు టోపీలు కావలయును. అవి విరివిగా దొరకని చోట నిప్పుత్రాడే నమ్మకమైనది.

మనదేశపు జామగి తుపాకి గొట్టము సన్నగా, ఆశ్చర్యము గొల్పునంత పొడవుగా నుండును. దానిని చేసిన విధమును మన కర్మాగారపు సోదరులు మెచ్చుకొందురు. ఇనుప పట్టీలను ఒక కడ్డీ చుట్టును చుట్టి, ఎర్రగా కాల్చి, సమ్మెటతో కొట్టి అతికించెడివారు. తరువాత ఆమ్లముతో కడిగినపుడు ఆ అతుకుల వరుసలు నీటి అలలవలె పైకి తేలును. కొందరు గొట్టపు మూతిని పులితల వలె మలచిరి. కొందరు బంగారుతీగెను ఇనుములో పొదిగి పూలు దిద్దిరి. టిపూ సుల్తాను కర్మశాలలలో తయారైన తుపాకులపై పులిచారల గుర్తును, ఆయన ప్రవేశపెట్టిన మౌలూది శకపు సంవత్సరమును కనబడును. ఒక తుపాకిని చూచి, ఎచ్చట, ఎప్పుడు, ఎవరికొరకు చేయబడెనో చెప్పగలుగుట శాసనమును చదువుటతో సమానమైన విద్య.

రైఫిలు అనునది దీనిలో వేరొక అధ్యాయము. గొట్టము లోపలి గోడపై మరచుట్టువలె గాళ్లు చెక్కినచో, గుండు వాటిని ఒరసికొని గిరగిర తిరుగుచు వెలికి వచ్చును. తిరుగుచున్న బొంగరము పడిపోక నిలిచినట్లే, తిరుగుచున్న గుండు దారి తప్పక పోవును. ఈ రహస్యము ఐరోపాలో పదునారవ శతాబ్దమునకే తెలియును. కాని గుండును గాళ్లలోనికి గట్టిగా దట్టించుటకు చాలసేపు పట్టుటచే సైన్యములు దానిని చాలకాలము దూరముగా నుంచి, వేటగాండ్రకు విడిచిపెట్టినవి. 1849లో ఫ్రాన్సు దేశపు మీనియే అను అధికారి అడుగున గుల్లగానుండు గుండును కనిపెట్టెను. అది సులభముగా లోనికి జారి, ప్రేలినపుడు విప్పారి గాళ్లను పట్టును. ఆ సూత్రముతోనే ఆంగ్లేయుల 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు పుట్టెను. దాని తూటాల క్రొవ్వును గూర్చిన కలవరము 1857లో ఏమి చేసినదో వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి రైఫిలు ఒకటి గోడకు వ్రేలాడుచుండగా చూచినవాడు కేవలము ఇనుమును, కొయ్యను చూచుట లేదు.

హైదరాబాదులోనే తుపాకుల పరిశ్రమ ఒకప్పుడు కలదని కూడ మరువరాదు. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండు కాలమున ఏర్పడిన ఫిరంగుల కార్ఖానా పేరు ఈనాటికిని గన్‌ఫౌండ్రీ అను పేట రూపమున నిలిచియున్నది. 1798లో రేమాండు మరణించెను. అదే సంవత్సరమున ఆంగ్లేయులు ఫ్రెంచి దళమును నిరాయుధము గావించిరి. ఆ విధముగా ఒక ఊరి పరిశ్రమ చరిత్రలో కలిసెను.

సాలార్‌జంగుగారిపై ఒక విమర్శ కలదు. వారు వివేచన లేక కొనిరనియు, వర్తకులు వారిని మోసగించి నకళ్లను అంటగట్టిరనియు, గొప్ప వస్తువు ప్రక్కనే పనికిమాలిన వస్తువు కలదనియు విద్వాంసులు చెప్పుదురు. ఇందు సత్యము లేకపోలేదు. ముఖ్యముగా పాశ్చాత్య చిత్రములలో ప్రతికృతులు పెక్కు కలవు. ఆయుధముల విషయమున మోసము మరియు సులభము. ఒక తుపాకి గొట్టమును, వేరొక తుపాకి కుందాను కలిపి, పైన ఒక రాజుగారి పేరు చెక్కినచో ధర పదింతలగును. నిపుణుడైన సంగ్రాహకుడు తళతళ మెరయు పాత తుపాకిని చూచి సంశయించును. కాలము పూసిన నల్లని పొరను గీకి మెరుగుపెట్టినవాడు దాని సాక్ష్యమును చెరపినవాడే. నవాబుగారికి ఈ సంశయము ఎంత కలదో చెప్పలేము. కాని అన్నిటిని సందేహించువాడు కొన్నిటిని పోగొట్టుకొనును. వారు ఏదియు పోగొట్టుకొన నిష్టపడని మనుజుడు.

అంతకన్న బరువైన ప్రశ్న మరియొకటి కలదు. ఈ ధనమెచ్చటిది? కొప్పళము మొదలుగాగల జాగీరు భూములలో రైతు చెల్లించిన శిస్తు నుండి వచ్చినది. దేవిడీ గోడలపై బంగారు పూల తుపాకులు నిశ్శబ్దముగా వ్రేలాడుచుండిన ఆ దినములలోనే, 1946 జూలై 4న కడవెండి గ్రామమున విసునూరు దేశ్‌ముఖు మనుష్యుల తుపాకి గుండునకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. అది సాలార్‌జంగు జాగీరు కాదు, ఆ పాపము వారిది కాదు. అయినను ఒకే రాజ్యమున, ఒకే కాలమున తుపాకి అను వస్తువునకు గల రెండు ముఖములు ఇవి. ప్రదర్శనశాలలో ఒకటి మాత్రమే కనబడును. ఆ గదిలో నిలిచినపుడెల్ల నాకు రెండవది జ్ఞప్తికి వచ్చును. అయినను మొదటిదానిని చూడక మరలిరాలేను.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసెను. ఆరు నెలలు నిండకముందే, 1949 మార్చి 2వ తేదీన సాలార్‌జంగుగారు తమ అరువదవ యేట పరమపదించిరి. అదే సంవత్సరము ఆగస్టులో జాగీరులు రద్దయినవి. దానిని చూచు అవసరము వారికి కలుగలేదు.

అసలు సంకటము అప్పుడే మొదలయ్యెను. బిడ్డలు లేరు. దేవిడీ నిండ వస్తువులు గుట్టలుగా నున్నవి. బంధువులు హక్కుదారులుగా ముందుకు వచ్చిరి. చట్టము ప్రకారము పంచినచో ఒక్కొక్కరి వాటాకు కొన్ని కత్తులు, కొన్ని తివాచీలు వచ్చును. కొలది యేండ్లలో అవి బొంబాయి, లండను వేలములలో తేలును. ముప్పదియైదేండ్ల శ్రమ మూడేండ్లలో చెదరియుండును. అనేక సంస్థానముల ఆయుధశాలలకు పట్టిన గతి అదియే. భారత ప్రభుత్వము ఎస్టేటు నిర్వహణకు ఒక సంఘమును ఏర్పరచెను. అప్పటి హైదరాబాదు ముఖ్య పరిపాలకుడు వెల్లోడిగారు ఈ సంపదను ప్రజలకు చూపవలయునని తలపెట్టిరి. వస్తువులను వర్గీకరించి అమర్చు పనిని జేమ్సు కజిన్సుగారికి అప్పగించిరి. ఆయన ఐర్లండు కవి, దివ్యజ్ఞాన సమాజమువాడు, మన మదనపల్లె కళాశాలకు అధ్యక్షుడుగా పనిచేసినవాడు. 1951 డిసెంబరు 16న పండిత జవహర్లాల్ నెహ్రూగారు దివాను దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించిరి.

ఇంకను హక్కుల చిక్కు తీరలేదు. 1958లో వారసులు న్యాయస్థానము ద్వారా రాజీ కుదుర్చుకొని సేకరణనంతయు ప్రభుత్వమునకు అప్పగించిరి. వారి ఔదార్యమును మనము తక్కువగ తలపరాదు. 1961లో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించెను. రాష్ట్ర గవర్నరు ధర్మకర్తల మండలికి అధ్యక్షుడు.

ఉద్యోగధర్మము కొలది మరియొక ముచ్చట చెప్పుదును. మన బంధువుల ఇండ్లలో, ముఖ్యముగా పాత దొరతనపు కుటుంబములలో, అటకపై తాతల నాటి తుపాకి దొరకుట కలదు. దానిని గూర్చి సలహా అడుగువారును కలరు. 1959 నాటి ఆయుధ చట్టము 45వ విభాగమున, ప్రాచీనమైనదై లేక వాడుక తప్పిన నమూనాదై, బాగుచేసినను కాల్చుటకు వీలుకాని ఆయుధమునకు మినహాయింపు కలదు. కాల్చుటకు వీలగునా కాదా యను నిర్ణయము మాత్రము మన చేతిలో లేదు. కనుక దాచక పోలీసువారికి తెలిపి, వ్రాతమూలకముగా సమాధానము పొందుట మేలు. నూరేండ్లు దాటిన కళావస్తువైనచో 1972 నాటి పురావస్తు చట్టము కూడ వర్తించును. స్వంతదారు దానిని దేశము దాటింపరాదు. సాలార్‌జంగుగారి కాలమున ఈ అడ్డంకులేవియు లేవు. ఉండినచో ఆ గది సగము ఖాళీగా నుండెడిదేమో!

1968లో వస్తువులన్నియు మూసీనది దక్షిణపు ఒడ్డున కట్టిన నూతన భవనమునకు తరలినవి. తరలింపులోను, అంతకు ముందును కొన్ని వస్తువులు చేతులు మారినవను మాట నగరమున చాలకాలము వినబడెను. మిగిలినవి నలుబదిమూడువేల కళావస్తువులు, తొమ్మిదివేల చేవ్రాత ప్రతులు, నలుబదియేడువేల అచ్చుపుస్తకములు. ఒక అవివాహితుడు ఒక జీవితకాలమున పోగుచేసినది, పూర్వులు విడిచినది కలిసి ఇంత. దివాను దేవిడీ మాత్రము దక్కలేదు. ఆ స్థలమున అంగళ్లు వెలసినవి. పాత ద్వారములు మాత్రము మిగిలినవి.

గడియారము ముందు గంట కొట్టువేళకు జనము క్రిక్కిరిసి నిలుచుందురు. బొమ్మ వచ్చి గంట కొట్టి లోనికి పోగానే చప్పట్లు కొట్టి చెదరిపోదురు. ఈమారు హైదరాబాదు వెళ్లినవారు ఆ చప్పట్లు ముగిసిన పిమ్మట ఆయుధముల గదికి నడవుడు. అచ్చట రద్దీ ఉండదు. పొడవైన జామగి తుపాకి యెదుట వంగి, గొట్టముపైనున్న అలలను చూడుడు. పిల్లలకు రంజకపు గిన్నెను, దాని ప్రక్కనున్న సూదిబెజ్జమంత రంధ్రమును చూపుడు. నిప్పు ఎటునుండి ఎటు పోవునో వారే కనుగొందురు.